పన్ను పీకించుకునే ముందే ఎముక సంగతి తేల్చుకోండి

ప్రశ్న: డాక్టర్ సార్‌కు నమస్కారం. నాకు 58 ఏండ్లు. మాది గుంతకల్లు, పుట్టింది ఉరవకొండ దగ్గర పల్లె. ఆరేండ్ల కిందట ఎడమవైపు కింద దవడ పన్ను ఒకటి పీకించుకున్నాను. ఆ సందు అట్లే వదిలేసినాను. ఇప్పుడు కుడివైపు పైన, కోరపన్ను వెనక పన్ను నిలువునా పగిలిందన్నారు. దానికి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసినారు. చిగురు మీద చిన్న పొక్కు లేస్తా, తగ్గుతా ఉంది. వచ్చే వారం పన్ను పీకేసి, ఆరు నెలలు పోయినాక రమ్మన్నారు. అప్పుడు రెండువైపులా ఇంప్లాంట్లు, అంటే ఎముకలోకి స్క్రూ దించి దానిమీద పన్ను బిగించేవి, పెడతారంట. బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఫోన్‌లో ఒక ప్రకటన చూపించినాడు, ఎముక లేకపోయినా మూడు రోజుల్లో పళ్ళు పెడతారని. మా వదినేమో ముందు కాల్షియం మాత్రలు మింగు, ఎముక పెరిగినాక పెట్టించుకో అంటాంది. మా అమ్మకు పళ్ళ సెట్టు కట్టించినా కింది సెట్టు నిలబడక, చివరి పదేండ్లు మెత్తటి సంగటి తప్ప ఏమీ తినలేకపోయింది. నాకు అట్లా కాకూడదు. చిన్నప్పుడు ఊరి బావి నీళ్ళు తాగి పళ్ళకు గారలు పడినాయి, దవడ ఎముక కూడా అట్లే పాడై ఉంటుందా? షుగరు ఉంది, మొన్న మూణ్ణెల్ల పరీక్షలో 8.6 వచ్చింది. బీపీ లేదు. ఎముకల బలానికని రెండేండ్లుగా ఏడాదికోసారి సెలైన్‌లో ఒక సూది ఎక్కిస్తున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మాటను మీరు చివర్లో, బీపీ లేదన్న ముక్క పక్కన రాసి వదిలేశారు. ఏడాదికోసారి ఎక్కించే ఆ సూది. దాని పేరేమిటో తెలిసేదాకా పన్ను పీకించుకోవద్దు. పాత చీటీలు వెతకండి. దొరక్కపోతే ఎక్కించిన ఆసుపత్రికి ఫోన్ చేసి మందు పేరు, ఆఖరుసారి ఎక్కించిన తేదీ అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. మీ పళ్ళ డాక్టరుకు ఈ సంగతి చెప్పారా? చెప్పి ఉండరనే నా అనుమానం. షుగరుందా, బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా అని అడుగుతారు, మనం ఉన్నవీ లేనివీ చెబుతాం. ఏడాదికోసారి ఎక్కించుకునేదాన్ని మందు కింద లెక్కేసేవాళ్ళు తక్కువ.

ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించేది చాలావరకు జోలెడ్రోనిక్ యాసిడ్ అయ్యుంటుంది. మన ఎముకలో పాతదాన్ని కరిగించే కణాలు కొన్ని, కొత్తదాన్ని కట్టే కణాలు కొన్ని ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఈ మందు కరిగించే కణాలను అణచిపెడుతుంది. అందువల్ల తుంటి, వెన్నుపూసలు విరగకుండా ఉంటాయి. మంచి మందే, అనుమానం లేదు. కానీ పన్ను పీకిన గుంత మానాలంటే చుట్టూ ఉన్న ఎముక కొంత కరిగి, కొత్తది పుట్టాలి. కొద్దిమందిలో ఆ పని నిలిచిపోతుంది. గుంత మూసుకోదు, ఎముక చిగురులోంచి బయటికి తేలి వారాలు, నెలలు అట్లే ఉంటుంది. ఈ జబ్బు గురించి వైద్యులు 2003 నుంచే రాస్తున్నారు, అంటే పాతతరం దంతవైద్యుల చదువులో ఇది లేదు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. క్యాన్సర్‌కు ఇదే మందును నెలనెలా ఎక్కించుకునేవాళ్ళలో ఈ ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. మీలాగా ఎముకల బలహీనతకు వాడేవాళ్ళలో పదివేల మందిలో పదిమందికి కూడా రాదు. షుగరు, నోట్లో చీము ఉంటే కొంత పెరుగుతుంది, మీకు రెండూ ఉన్నాయి. అలాగని పగిలిన పన్నును అట్లే ఉంచుకుంటే ఆ చీమే ఎముకకు చేటు. కాబట్టి పీకించుకోవాల్సిందే, చేసేవాళ్ళకు ఈ సంగతి తెలిసి పీకించుకోవాలి. వచ్చే ఏడాది సూది ఎప్పుడు వేయాలనేది ఆ సూది రాసిన డాక్టరు, పళ్ళ డాక్టరు మాట్లాడుకుని నిర్ణయిస్తారు, మీరుగా ఆపొద్దు. ఒకవేళ అది ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే రకమైతే మందు వేరు. దాన్ని గడువు దాటించి ఆలస్యం చేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది, ఆ విషయంలో సొంత నిర్ణయం అసలే వద్దు.

ఇప్పుడు దవడ ఎముక సంగతి. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నటి నారల పొర ఒకటి ఉంటుంది. నమిలిన ప్రతిసారీ ఆ నారలు ఎముకను లాగుతాయి. వేరును ఆనుకుని ఉండే ఎముక గోడకు రక్తం చాలామట్టుకు ఆ పొరలోంచే అందుతుంది. పన్ను పీకినప్పుడు పొర కూడా పోతుంది. ముందుగా కరిగేది బుగ్గవైపు గోడ. మొదటి నుంచీ సన్ననిది అదే. పై వరసలో ముందు పళ్ళ దగ్గర చాలామందికి అది చెనిక్కాయ తొక్కంత, మిల్లీమీటరు కూడా ఉండదు. పీకిన చోట దవడ గట్టు, అంటే పళ్ళు నిలిచే ఎముక వరస, వెడల్పు ఏడాదిలో సగం దాకా తగ్గుతుందని, ఆ తగ్గేదాంట్లో మూడింట రెండొంతులు మొదటి మూడు నెలల్లోనే పోతుందని కొలిచి చూశారు.

మీకు చెప్పిన ‘పీకేసి ఆరు నెలలాగి రండి’లో ఉన్న లోటు ఇదే. ఆగడం తప్పు కాదు, గుంతను ఖాళీగా వదిలి ఆగడం వల్లనే నష్టం. ఆరు నెలలకు వెళ్ళేసరికి గట్టు సన్నబడి ఉంటుంది. అప్పుడు ‘ఎముక చాలదమ్మా, గ్రాఫ్ట్ వేయాలి’ అంటారు, అంటే ఎముక తెచ్చి చేర్చాలని. మొదటిరోజు తక్కువ ఖర్చుతో అయ్యే పని అప్పుడు పెద్ద ఆపరేషన్ అవుతుంది.

పన్ను పీకడం గురించి మనవాళ్ళలో ఒక అభిప్రాయం ఉంది. ‘ఒక్క లాగుడుకే వచ్చేసింది, మంచి చెయ్యి’ అని మెచ్చుకుంటారు. ఇంప్లాంట్ పెట్టించుకోవాలని ఉన్నవాళ్ళు ఆ చేతిని నమ్ముకోకూడదు. ఎముకను కాపాడుతూ తీసే పద్ధతి నిదానంగా ఉంటుంది. పలుచటి అంచున్న పనిముట్టును వేరు చుట్టూ దింపుతూ ఆ నారలను తెంపాలి. అవసరమైతే వేరును లోపలే రెండు ముక్కలు చేసి ఒక్కొక్కటి తీయాలి. బుగ్గవైపు గోడకు పనిముట్టు ఆనించి పెకలించకూడదు. వీలైనంతవరకు చిగురును కోసి ఎత్తకుండా ఉంటే మేలు, చిగురు పొర ఎత్తినప్పుడు బయటి గోడకు మిగిలిన రక్తం కూడా తగ్గుతుంది. నలభై నిమిషాలు పట్టినా నోరు తెరుచుకుని ఓర్చుకోండి.

మీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వేరు నిలువునా పగిలినప్పుడు, ఆ పగులు వెంట బుగ్గవైపు ఎముక ముందే సన్నటి సందుగా కరిగి ఉంటుంది. లేస్తూ తగ్గుతూ ఉన్న పొక్కు దానికి గుర్తే. కాబట్టి సూది పేరు కనుక్కోవడానికి, స్కాన్‌కు, డాక్టర్లు మాట్లాడుకోవడానికి రెండు మూడు వారాలు తీసుకోండి, నెలల తరబడి సాగదీయొద్దు. ఈలోగా ముఖం వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.

పీకిన రోజే గుంతను గీకి శుభ్రం చేసి, ఎముక పొడి నింపి, పైన పలుచటి పొర కప్పి కుట్లు వేయడాన్ని సాకెట్ ప్రిజర్వేషన్ అంటారు. ఎముక కరగడం దీనివల్ల పూర్తిగా ఆగిపోదు, బాగా తగ్గుతుంది. ‘గ్యారంటీగా నిలుస్తుంది’ అన్నవాళ్ళను నమ్మకండి. తర్వాత నాలుగు నుంచి ఆరు నెలలు ఆగి ఇంప్లాంట్ పెడతారు, కాబట్టి మీకు చెప్పిన గడువు మారదు, ఆ గడువులో గుంతలో జరిగేది మారుతుంది. సూది జోలెడ్రోనిక్ అని తేలితే పొడి నింపాలా, ఏమీ నింపకుండా చిగురు దగ్గరికి లాగి మూసి కుట్టాలా అనేది నోరు చూసిన ఓరల్ సర్జన్ చెప్పాలి. నేను కాగితం మీద చెప్పగలిగింది కాదు.

పొడి దేనిదో తప్పకుండా అడగండి. పశువుల ఎముకను శుద్ధి చేసి తయారుచేసింది ఎక్కువ వాడతారు. దాత ఎముక నుంచి తీసింది ఉంటుంది, కాల్షియం ఫాస్ఫేట్‌తో ఫ్యాక్టరీలో చేసింది ఉంటుంది. పైన కప్పే కొల్లాజెన్ పొర పందిదో, పశువుదో కావచ్చు. మన ఇళ్ళలో ఇది చాలామందికి పట్టింపే. కృత్రిమమైనది కావాలంటే ముందే చెప్పాలి. అడక్కపోతే చాలామంది చెప్పరు, కుట్లు వేశాక తెలిసి బాధపడినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

పీకిన రోజే ఇంప్లాంట్ పెట్టేస్తే ఎముక నిలుస్తుందని కూడా మీకు ఎవరైనా చెబుతారు. గోడలు నాలుగూ చెక్కుచెదరకుండా, చీము లేకుండా ఉంటే అది మంచి పద్ధతే. కానీ ఇంప్లాంట్ ఉన్నంతమాత్రాన బుగ్గవైపు గోడ కరగడం ఆగదు. మీకు గోడ ముందే దెబ్బతిని ఉండొచ్చు, చీముంది, పైగా ఆ సూది ఉంది. మీకు నేను ఆ తొందర సలహా ఇవ్వను.

ఎడమవైపు సంగతి వేరు. ఆరేండ్లయింది కాబట్టి పోవాల్సిన ఎముక చాలావరకు పోయింది. వెనక పన్ను ముందుకు వాలి ఉంటుంది, పైనున్న పన్ను కిందికి దిగి ఉంటుంది. ఇక్కడ సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకను అన్ని వైపుల నుంచీ చూపించేది) లేకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే. పళ్ళన్నీ ఒకే ఫిల్ములో కనిపించే మామూలు ఓపీజీ ఎక్స్‌రేలో ఎత్తు మాత్రమే కనిపిస్తుంది, గట్టు ఎంత వెడల్పుందో కనిపించదు. నాలుగు మిల్లీమీటర్ల ఇంప్లాంట్ పెట్టాలంటే రెండువైపులా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు ఎముక మిగలాలి, అంటే ఆరేడు మిల్లీమీటర్ల గట్టు కావాలి. కింది దవడలో పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం ఒక కాలువలో పోతుంది. ఇంప్లాంట్ కొనకూ దానికీ మధ్య రెండు మిల్లీమీటర్లు వదలాలి. నరం దెబ్బతింటే పెదవి మొద్దుబారుతుంది, కొందరికి అది జన్మంతా ఉండిపోతుంది. పైన కుడివైపు చూడాల్సింది సైనస్ గది, అంటే పై దవడ ఎముకలో గాలి నిండిన ఖాళీ. ఒకే స్కాన్‌లో రెండువైపులా చూసుకోవచ్చు.

స్కాన్‌లో ఎడమవైపు గట్టు చాలకపోతే పొడవు తక్కువ ఇంప్లాంటో, సన్నటిదో, లేదా ఎముక చేర్చే ఆపరేషనో చెబుతారు. ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ వయసుకు, షుగరుకు, ఆ సూదికి కలిపి చూస్తే ఒక్క పన్ను కోసం దవడలోంచి ఇంకోచోట ఎముక కోసి తెచ్చి అతికించే పని నాకు ఎక్కువనిపిస్తుంది. పక్క పళ్ళు గట్టిగా ఉంటే వాటికి ఆనించి కట్టే బ్రిడ్జి చాలు. దానికి పక్క పళ్ళను అరగదీయాలి, ఆ నష్టం నిజమే. అసలు ఆరేండ్లుగా ఆ సందుతో ఇబ్బంది లేకుండా తింటున్నారంటే, ముందు కుడివైపు సంగతి చూసుకుని ఎడమవైపును నింపాదిగా ఆలోచించుకోవచ్చు. రెండూ ఒకేసారి చేస్తే తగ్గిస్తామన్న ప్యాకేజీ మాటలకు లొంగకండి.

మూడు రోజుల పళ్ళ ప్రకటన గురించి. మీకు ఎముక లేదని ఎవరన్నారు? ఇంకా స్కానే తీయలేదు. అలాంటివాటిలో సాధారణంగా పొడవాటి స్క్రూలను దవడ అడుగునుండే గట్టి ఎముకలోకి దించి, వెంటనే పళ్ళు బిగిస్తారు. పళ్ళన్నీ పోయి, ఎముక బాగా అరిగిపోయిన కొందరికి చేయి తిరిగినవాళ్ళు చేస్తే అది పనికొస్తుంది. ఒకటి రెండు పళ్ళు పోయిన మీకు దాని అవసరం లేదు. చెడిపోతే తీసేటప్పుడు పోయే ఎముక కూడా ఎక్కువ. మామూలు ఇంప్లాంట్‌కు ఎందుకు ఆగమంటారంటే, టైటానియాన్ని పట్టుకునేది బతికున్న ఎముకే. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు కుందేలు కాలి ఎముకలో ఒక పరిశోధన కోసం పెట్టిన టైటానియం పరికరాన్ని తర్వాత తీయబోతే ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. మనిషి నోట్లో మొదటిసారి ఆయన పెట్టింది 1965లో. ఆ పట్టు రావడానికి కింది దవడలో మూడు నెలలు, పైన నాలుగు నుంచి ఆరు నెలలు ఇస్తారు. రంధ్రం చేసేటప్పుడు ఎముక వేడెక్కినా పట్టు రాదు. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక కణాలు చచ్చిపోతాయి, అందుకే సెలైన్ చల్లుతూ, పదునైన డ్రిల్లుతో ఆగి ఆగి చేస్తారు.

మీ వదినగారి కాల్షియం మాట. మీ ఒంటికి కాల్షియం, డి విటమిన్ కావాలి. ఆ సూది వేసుకునేవాళ్ళకు మరీ కావాలి, మోతాదు మీ డాక్టరే రాస్తారు. వంద గ్రాముల రాగుల్లోనే మూడొందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, సంగటి మానకండి. కానీ పన్ను పోయి కరిగిన గట్టు మాత్రలతో తిరిగి రాదు. బావి నీళ్ళ గారల గురించి కూడా దిగులొద్దు. మన అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన చాలామందికి ఉండే మచ్చలే అవి. చిన్నప్పుడు పళ్ళు తయారయ్యే వయసులో పంటిమీది పొరకు పడ్డ గుర్తులు. వాటిని చూసి దవడ ఎముక ఇంప్లాంట్‌ను పట్టదని చెప్పలేం. మెడ, నడుము బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఫ్లోరైడ్ ఎముకలకూ పట్టిందేమో చూడాలి, డాక్టరుకు చెప్పండి.

అమ్మగారి కింది సెట్టు నిలవకపోవడం ఆమె తప్పూ కాదు, సెట్టు కట్టినవాళ్ళ తప్పూ కాకపోవచ్చు. పళ్ళన్నీ పోయి సెట్టు పెట్టుకునేవాళ్ళలో కింది దవడ గట్టు పైదానికంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ సెట్టుకు ఆనుకునే చోటే మిగలదు. మిగిలిన పళ్ళను చిగుళ్ళ జబ్బు నుంచి కాపాడుకుంటే మీకు ఆ స్థితి రాదు. ఇంప్లాంట్ ఆలోచన కంటే ముందు చిగుళ్ళ క్లీనింగ్ చేయించుకోండి.

షుగరు 8.6 ఎక్కువే. పన్ను పీకడానికి దానికోసం నెలలు ఆగలేం. పీకిన తర్వాత దొరికే ఈ నాలుగైదు నెలలను షుగరు 7 దగ్గరికి దించడానికి వాడుకోండి. దిగకపోతే ఇంప్లాంట్ వాయిదా వేయమని మీరే అడగండి. ఆకూవక్కతో పొగాకు వేసుకునే అలవాటుందో లేదో రాయలేదు. ఉంటే ఇప్పుడే మానాలి.

ఇంప్లాంట్ పెట్టాక జరిగే నష్టం గురించి తక్కువమంది చెబుతారు. పంటికుండే ఆ నారల పొర ఇంప్లాంట్‌కు లేదు. అందుకే చుట్టూ ఎముక కరుగుతున్నా చాలాకాలం నొప్పి తెలియదు, కదిలేసరికి ఆలస్యమైపోతుంది. క్యాప్ బిగించే సిమెంటు చిగురు కిందికి జారి అక్కడే గట్టిపడితే, నెలల తర్వాత దాని చుట్టూ చీము పడుతుంది. వీలైతే స్క్రూతో బిగించే క్యాప్ అడగండి. సిమెంటుదే అయితే బిగించాక ఒక ఎక్స్‌రే తీయించుకోండి. చాలాసార్లు మిగిలిన సిమెంటు దాంట్లో కనిపిస్తుంది. తర్వాతి ఏళ్ళలో పోల్చి చూసుకోవడానికి కూడా ఆ ఎక్స్‌రే పనికొస్తుంది. మొదటి ఏడాదిలో ఒక మిల్లీమీటరు చుట్టుపక్కల ఎముక తగ్గడం మామూలే, ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటరు దాటకూడదు. రోజూ రాత్రి పళ్ళ సందుల్లో దూరే చిన్న బ్రష్‌తో చుట్టూ తోమాలి. తోమేటప్పుడు రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే చూపించుకోండి.

గుంతకల్లు నుంచి కడపకు నేరుగా రైళ్ళున్నాయి. అక్కడి ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చిగుళ్ళ విభాగం, ఓరల్ సర్జరీ, పళ్ళు కట్టే విభాగం ఒకే ఆవరణలో ఉంటాయి. మీలాంటి కేసును ముగ్గురూ కలిసి చూడటం మంచిది. కర్నూలులోని పుల్లారెడ్డి డెంటల్ కాలేజీకి వెళ్ళినా అంతే. మీ డాక్టరుకు చెప్పే వెళ్ళండి, రెండో మాట అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పోయేటప్పుడు సూది చీటీ, మూణ్ణెల్ల షుగరు కాగితం, మీరు మింగే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకోండి. రక్తం పలచబడే మాత్ర ఉంటే దాన్ని కూడా మీరుగా మానొద్దు. స్కాన్ తీశాక ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి, ఇంకో డాక్టరు చూడాలన్నా, మూడేళ్ళ తర్వాత పోల్చాలన్నా అదే కావాలి. ఇంప్లాంట్ పెట్టిన రోజు దాని కంపెనీ పేరు, సైజు ఉండే స్టిక్కరును మీ ఫైల్లో అతికించమనండి.